పదకొండు చుట్లు

"మళ్ళీ తిప్పుతున్నారు," అంది కోడలు, నడవా కిటికీ చువ్వల దగ్గర్నుంచి కదలకుండా.

షరాబు ముఖం తుడుచుకుంటూ ఆగిపోయాడు. "ఏం తిప్పుతోంది?"

"ఏముందని తిప్పుతారు? గాలిని. అరచేతిలో గడియారం ఉన్నట్టే పట్టుకుని, తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. ఏడు... ఎనిమిది..."

"లెక్కపెట్టకు."

కోడలు మానలేదు. పదకొండో చుట్టు దగ్గర, పని గదిలో ఉన్న పెద్దావిడ, షరాబు తల్లి, చెయ్యి ఆపింది. తాళంచెవిని మెడలో దారానికి వదిలేసి, పనిబల్ల సొరుగు లాగి, లేని గడియారాన్ని జాగ్రత్తగా అందులో పెట్టి, సొరుగు మూసింది. గోడ గడియారంలో సరిగ్గా ఆరున్నర అయింది.

ఇది మూడో రోజు. కంటి ఆపరేషన్ చేయించుకుని, కూతురి ఇంట్లో పది రోజులుండి వచ్చిన మనిషి, గుమ్మంలోనే కోడలి దగ్గర తాళంచెవి తీసుకుని, చెప్పులు కూడా విడవకుండా నేరుగా పని గదిలోకి వెళ్ళింది. సొరుగు తెరిచి చూసింది. లోపల్నుంచి గడియ పెట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. "అది వచ్చేదాకా నేను రాను," అని మాత్రం అంది. గదికి వెనకే స్నానాల గది ఉండటంతో ఆవిడకి బయటికి రావలసిన అవసరమూ లేకపోయింది. చువ్వల మధ్యనుంచి ఇచ్చిన మంచినీళ్ళు తీసుకుంటోంది. అన్నం అందిస్తే రెండు ముద్దలు తిని పక్కన పెడుతోంది. కంటిచుక్కల సీసా మాత్రం ముట్టుకోవడం లేదు.

రోజుకు నాలుగుసార్లు చుక్కలు పడకపోతే ఆ కన్ను దక్కదని డాక్టరు కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చాడు.

ఆ సొరుగు సంగతొకటి చెప్పాలి. జేబు గడియారం అందులో ఉన్నన్నాళ్ళూ దాని చప్పుడు చెక్కలోంచి గోడలోకి, గోడలోంచి వంటింట్లోకి నడిచి వచ్చేది. ముప్ఫై ఏళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ ఆ చప్పుడు గురించి ఒక్క మాట మాట్లాడుకున్నట్టు గుర్తులేదు. అది పోయాక మాత్రం అందరికీ వినిపిస్తోంది. నిన్న మధ్యాహ్నం కూర తరుగుతున్న కోడలు కత్తి ఆపి, పక్క గదిలోని ఖాళీ సొరుగు వైపు చెవి పెట్టింది. టిక్కు టిక్కుమంటూనే ఉంది. చెయ్యి గుండెల మీద వేసుకుంటే, అది తన గుండె.

"గడియారం కొన్న ఆ కళ్ళజోళ్ళ షాపాయన్ని వెనక్కి ఇచ్చెయ్యమని అడగరాదా?" అంది వంటింట్లోకి వస్తూ.

"అమ్మిన వస్తువుని వెనక్కి అడిగితే రేపు బజార్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నాన్న ఉన్నప్పట్నుంచి ఈ కొట్లో ఒక మాటుంది. అమ్మాక అమ్మినట్టే."

"మీ నాన్నగారి మాటలు మీకు అవసరమైనప్పుడే గుర్తొస్తాయి."

"నేనేమన్నా దొంగతనం చేసి అమ్మానా? నాన్న సొరుగులో ఉంది, నాన్నది. ఆయన పోయి మూడేళ్ళయింది. నాది కాదూ?"

"అమ్మేముందు అత్తయ్యని ఒక్క ముక్క అడిగుంటే..."

"అడిగితే ఇస్తుందా?"

ఇవ్వదని తెలిసే ఆవిడ ఇంట్లో లేని పది రోజులూ చూసుకుని ఆ పని చేశాడన్న సంగతి ఆయన నోటితోనే బయటికొచ్చింది. అన్న మాట తనకే వినబడి షరాబు తువ్వాలు కుర్చీ మీదికి విసిరాడు.

నిజానికి అమ్మాలని మొదట అనుకోలేదు కూడా. కొట్టు ముందు షోకేసులో పాతకాలపు వస్తువొకటి ఉంటే దారినపోయేవాళ్ళు ఆగుతారని పెట్టాడు. పెట్టాక ధర చీటీ లేకపోతే బాగుండదని చీటీ కట్టాడు. చీటీ కట్టాక ఎవరో ఒకరు కొనక మానతారా?

"మరి నువ్వు?" అన్నాడు భార్య మీదికి తిరిగి. "అమ్మ వెళ్తూ తాళంచెవి నీకే ఇచ్చింది కదా, రోజూ కీ ఇవ్వమని. గడియారం తీసి షోకేసులో పెట్టినప్పుడు నోరెందుకు ఎత్తలేదు?"

"అంటే... అంతకు ముందు ఒక రోజు నేను..."

"ఒక రోజు?"

"ఏం లేదు. పాలు పొంగుతున్నాయి."

పొయ్యి మీద పాలు లేవు. షరాబుకి అది తర్వాత ఎప్పటికో గుర్తొచ్చింది.

*

కొట్టు తెరిచే ముందు ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు.

గదిలో పెద్దావిడ ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. పక్కన తండ్రి కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం, ఆయన పెట్టినచోటే. కూర్చుని కూర్చుని గుంటపడిన దిండు మళ్ళీ లేవలేదు.

"అమ్మా, కన్ను పోతుందే."

"ఇంకోటుంది."

"అక్క ఫోన్ చేసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది."

"దానికి తిట్టడం నేనే నేర్పాను."

"అది కాదమ్మా. నాన్న వస్తువంటే నీకు ప్రాణమని నాకు తెలీదా? అలాంటిదే ఇంకోటి చేయించి ఇస్తాను. బంగారం తక్కువేం కాదు మనకి."

"ఆయనది కాదు."

"ఏమిటి?"

"ఆ గడియారం మీ నాన్నది కాదు. నాది కాదు. ఈ ఇంట్లో ఎవరిదీ కాదు."

షరాబు చువ్వలు పట్టుకున్నాడు. "మరి ఎవరిది? పేరు చెప్పు. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

పెద్దావిడ తాళంచెవిని గుప్పిట్లోకి తీసుకుంది.

"చెప్పనని మీ నాన్నకి మాటిచ్చాను," అంది.

"నాన్న లేడమ్మా."

"నీకు లేడు. నాకు మూడు రోజుల్నుంచీ ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. తల దించుకుని."

ఆమె మామూలుగానే అంది, బయట వాన పడుతోందన్నంత మామూలుగా. అయినా షరాబు కళ్ళు కుర్చీ వైపు వెళ్ళాయి. వెళ్ళినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. కోపం మాటున భయమే ఉందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

*

పది గంటలకి కళ్ళజోళ్ళ షాపాయన కొట్టు మెట్లెక్కాడు. పొడుగాటి మనిషి. రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుంటాడు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. జేబులోంచి రుమాలు మూట తీసి గాజు బల్ల మీద విప్పాడు. బంగారు గడియారం చప్పుడు లేకుండా పడుకుని ఉంది.

"కొన్న మర్నాడే నిద్రపోయింది, షరాబుగారూ. కీ పంపిస్తానన్నారు. మూడు రోజులైంది."

"పంపిస్తానండి. ఇంట్లో ఎక్కడో పెట్టారు, వెతుకుతున్నాం." షరాబు నవ్వు పులుముకున్నాడు. "వస్తువు మాత్రం మామూలుది కాదు. మీ అదృష్టం. రెండు రోజులే షోకేసులో ఉంది, ఎంతమంది ఆగారో తెలుసా? తల నెరిసిన ఒకాయన, భుజాన సంచీ, అద్దానికి ముక్కు ఆనించి గంటసేపు నిలబడ్డాడు. ఊపిరికి అద్దం మసకేస్తుంది, ఎడమ చేతి చొక్కా అంచుతో తుడుస్తాడు, మళ్ళీ చూస్తాడు. చివరికి వెలుతురుకి అడ్డం తప్పుకో పెద్దాయనా అని నేనే పంపించాను. మీరు ఆ సాయంత్రం రాకపోతే మర్నాటికి ఉండేది కాదు."

"అలాగా. పెట్టెలో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకుండా ఉందన్నారు నాతో."

"అవునండి."

"ముట్టుకోని గడియారం నేను కొన్నరోజు ఎలా నడిచింది? నేను కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి, కళ్ళు లేనివాణ్ణి కాదు."

షరాబు దగ్గాడు. ఆయన అది పట్టించుకోకుండా గడియారం వెనక మూత గోటితో లేపాడు. దాని కింద ఇంకో మూత. దానికి కీ పెట్టే చిన్న కన్నం.

"రోజూ కీ ఇచ్చేవాళ్ళు ఈ పై మూత తీస్తే చాలు. ఈ రెండోది తియ్యాల్సిన పనిలేదు. నా దగ్గర కీ లేదు కాబట్టి నేను తీశాను." రెండో మూత తెరిచి, నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, జేబులోంచి భూతద్దం తీసి ఇచ్చాడు. "ఇవేమిటో చెప్పండి."

మూత లోపలివైపు బంగారం మీద సన్నటి గీతలు. ఒక్కోటీ చిన్న కొడవలి వంపు, పక్కన సంవత్సరం చివరి రెండంకెలు. వరస తరవాత వరస.

గడియారం విప్పి బాగుచేసినవాడు లోపల తన గుర్తు గీసి మూయడం ఆ పనివాళ్ళ అలవాటు. తర్వాత విప్పేవాడికి ముందు ఎవరి చెయ్యి పడిందో తెలియడానికి. కొడవలి వంపు తన తండ్రి గుర్తు. చిన్నప్పుడు పలక మీద కూడా గీసి ఆడుకున్నాడు.

"మా నాన్నవి," అన్నాడు. "ఏడాదికోసారి శుభ్రం చేసేవాడన్నమాట."

"ముప్ఫై ఒకటున్నాయి. మీ నాన్నగారు పోయి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"అయితే చివరి నాలుగు గీతల పక్కన అంకెలు చదవండి."

చదివాడు. తండ్రి పోయాక కూడా కొడవళ్ళు ఆగలేదు. ఏటా ఒకటి. ఆఖరిది ఈ ఏడాదిది.

"మీ కొట్లో పోయినవాళ్ళు కూడా పనిలోకి వస్తారా?" అన్నాడు ఆయన. వేళాకోళంగానే మొదలుపెట్టాడు గానీ, షరాబు ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఇంకొకటుంది. ముప్ఫై కొడవళ్ళు కుడివైపు వంగాయి. ఈ ఆఖరిదొక్కటే ఎడమవైపు వంగింది."

షరాబు గడియారం రుమాల్తో సహా తీసుకున్నాడు. "ఒక్కసారి లోపలికి రండి," అన్నాడు.

*

కిటికీ దగ్గర షరాబు గడియారాన్ని చువ్వల ముందు ఎత్తి పట్టుకున్నాడంతే. పెద్దావిడ పీట మీదనుంచి లేచిన తీరు చూస్తే మూడు రోజులు సరిగ్గా తినని మనిషని ఎవరూ అనుకోరు.

గడియ తీసిన చప్పుడు ఇల్లంతా వినబడింది.

అందరికంటే ముందు లోపలికి దూరింది కోడలు, చేతిలో చుక్కల సీసాతో. "ముందు కన్ను, అత్తయ్యా. తర్వాత ఏదైనా." ఆవిడ మారు మాట్లాడకుండా తల వెనక్కి వంచింది. చుక్కలు వేస్తుంటే కోడలి గురి తప్పి ఒకటి చెంప మీద పడింది.

"నీకేమైందే?" అంది పెద్దావిడ.

"ఏం లేదు."

షరాబు గడియారం బల్ల మీద పెట్టి రెండో మూత తెరిచాడు. "అమ్మా, ఇవి నాన్నవేనా?"

"ఆయనవే. ఆఖరి కొన్ని మాత్రం కాదు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు, నేను విప్పి తుడిచి గీసేదాన్ని. ఆయన పోయాక చెప్పేవాళ్ళు లేకపోయినా గీశాను."

"నువ్వా?"

"నేనే. చేతులు లేవనుకున్నావా నాకు?"

షరాబు ఊపిరి తీసుకున్నాడు. దయ్యం లేదు. అమ్మే. నవ్వు కూడా వచ్చింది. "హమ్మయ్య. ఈ ఏడు ఎడం వైపు గీశావేంటి మరి? కన్ను కనబడకా?"

"ఈ ఏడు నేను గియ్యలేదు," అంది ఆవిడ. "కన్ను బాగయ్యాక గీద్దామని ఆగాను."

కళ్ళజోళ్ళ షాపాయన గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు.

పెద్దావిడ కుర్చీ చేతి మీది భూతద్దం తీసుకుంది. మూడేళ్ళలో దాన్ని ఎవరైనా కదిలించడం అదే మొదటిసారి. కొత్త కంటికి పెట్టుకుని వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత వేలితో ఆ గీతని తడిమింది, పసిపిల్లాడి బుగ్గ తడిమినట్టు.

"వీడిది ఎడమచేతివాటం," అంది.

"ఎవరిది?"

"మీ మామయ్యది. నా తమ్ముడిది."

"ఆ దొంగదా?"

మాట నోరు జారిపోయింది. అందులో షరాబు తప్పు కూడా లేదు. తొమ్మిదేళ్ళ వయసు నుంచీ ఈ ఇంట్లో ఆ మనిషికి ఉన్న పేరు అదొక్కటే. కొట్లో పని నేర్చుకుంటూ, ఎవరో ఖాతాదారు బాగుచెయ్యమని ఇచ్చిన ఉంగరం ఎత్తుకుని పారిపోయినవాడు. నాన్న చెప్పాడు, వీధంతా చెప్పుకుంది, అమ్మ కాదనలేదు.

పెద్దావిడ భూతద్దం దించింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "మీ మాట ముప్ఫై ఏళ్ళు విన్నాను. ఇంక నా మాట మీరు వినండి," అంది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"ఉంగరం వాడు తియ్యలేదు. ఈ బల్ల కింద బంగారం రజను పడ్డానికి కట్టిన తోలు ఉంది చూడు. దానికి లోపల చిరుగు. ఉంగరం జారి రెండు పొరల మధ్యకి పోయింది. ఎనిమిదో రోజున తోలు దులుపుతుంటే మీ నాన్న చేతికే తగిలింది."

"దొరికిందా?"

"దొరికింది. అప్పటికి వాడు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఈ గడియారం ఈ బల్ల మీద పెట్టాడు. మా నాన్న వాడికిచ్చింది ఇది. 'బావా, నీ ఉంగరానికి బదులు ఇది ఉంచుకో. ఉంగరం దొరికిన రోజున నా గడియారం నాకివ్వు. అక్కా, నేనొచ్చేదాకా దీన్ని ఆగనివ్వకు' అన్నాడు. ఇరవై ఏళ్ళవాడు. గొంతు కూడా పెంచలేదు."

"దొరికాక నాన్న వెతకలేదా?"

"వెతికాడు. రైలెక్కినవాణ్ణి ఎక్కడని వెతుకుతాడు? కానీ దొరికిందని మాత్రం బయట చెప్పలేకపోయాడు. ఖాతాదారుకి గుట్టుగా ఇచ్చేశాడు. వీధి వీధంతా నిలబెట్టి దొంగన్న నోటితో, నేను పొరబడ్డానని అనలేకపోయాడు. షరాబు మాట తప్పయితే తక్కెడ తప్పయినట్టేనని ఆయన భయం. నా చేత కూడా మాట తీసుకున్నాడు. ఏటా వాడు వెళ్ళిన రోజున గది తలుపేసుకుని, ఇది విప్పి, తుడిచి, ఒక గీత గీసేవాడు. నాతో కూడా మాట్లాడేవాడు కాదు ఆ పూట."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు షరాబు. "ముప్ఫై ఏళ్ళు నా చేత ఆయన్ని దొంగ అనిపించావు."

"అనిపించాను. ఎవరి మీదా పెట్టను. నాదే తప్పు." ఆమె గడియారం వైపు చూసింది. "కీ ఒక్కటి తప్పకుండా ఇస్తే సగమైనా తీరుతుందనుకున్నాను. ఇంతకీ వీడు ఈ గదిలోకి ఎప్పుడొచ్చాడు? ఎలా వచ్చాడు? తలుపు ఎవరు తీశారు?"

కళ్ళజోళ్ళ షాపాయన గుమ్మంలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. వెళ్ళిపోవడం మర్యాదో, ఉండటం మర్యాదో ఆయనకి తేలలేదు.

"నేనే తీశాను," అంది కోడలు.

*

ఆమె గోడకి ఆనుకుని, చుక్కల సీసా మూత బిగిస్తూ, విప్పుతూ చెప్పింది.

"మీరు ఆడపడుచుగారింటికి వెళ్ళిన నాలుగో రోజు. ఈయన కొట్లో ఉన్నారు. పెరటి వైపు నుంచి వచ్చాడొక పెద్దాయన. పెద్దావిడ ఉన్నారా అన్నాడు. ఊళ్ళో లేరన్నాను. పెద్ద షరాబుగారు పోయిన సంగతి ఆలస్యంగా తెలిసిందన్నాడు. మామయ్యగారి స్నేహితుడేమో అనుకున్నాను, అత్తయ్యా. ఒక్కసారి ఆయన బల్ల చూసి వెళ్తానన్నాడు. కళ్ళు చూస్తే కాదనబుద్ధి కాలేదు."

"బంగారమున్న గదిలోకి ఎవర్నో..." అన్నాడు షరాబు.

"అందుకే చెప్పలేదు. ఇలా అంటారనే చెప్పలేదు."

"వాణ్ణి అననీ, నువ్వు చెప్పు," అంది పెద్దావిడ.

"సొరుగు ఏదో నేను చూపించలేదు. ఆయనే తీశాడు. గడియారం నడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. 'కీ ఎవరిస్తారమ్మా' అన్నాడు. అత్తయ్య రోజూ ఆరున్నరకి పదకొండు చుట్లిస్తారు, ఇప్పుడు నాకప్పగించి వెళ్ళారన్నాను. తర్వాత రెండు మూతలూ తెరిచాడు. లోపల ఏముందో నాకు తెలీదు. తన జేబులోంచి భూతద్దం తీసి పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. బల్ల మీది సూది తీసుకుని ఏదో గీశాడు. మళ్ళీ అన్నీ మూసి, సొరుగులో పెట్టాడు."

"ఏమన్నాడు?"

"'ఈ ఇంట్లో పాత వస్తువేదైనా దొరికిందా తల్లీ' అన్నాడు. నాకర్థం కాలేదు. తెలీదన్నాను. 'సరేలే, ఆవిడొచ్చాక వస్తాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు, నేనే ఎదురుగా నిలబడాలి' అన్నాడు. వెళ్ళేటప్పుడు నవ్వాడు, అత్తయ్యా. చాలా సంతోషంగా వెళ్ళాడు."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ముఖం మీద ఒక వెలుగొచ్చింది. ముప్ఫై ఏళ్ళ బరువు దిగిన మనిషి ముఖం అలాగే ఉంటుంది కాబోలు. "వస్తాడు అయితే," అంది. "లెక్కపెట్టుకున్నాడు. మర్చిపోలేదని తెలుసుకున్నాడు. వచ్చేస్తాడు."

ఆ వెలుగుని చూస్తూ షరాబు నెమ్మదిగా తండ్రి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

"భుజాన సంచీ ఉందా?" అన్నాడు భార్యతో.

"ఉంది. మీకెలా తెలుసు?"

కళ్ళజోళ్ళ షాపాయన తల వంచుకున్నాడు. ఆయనకి అప్పటికే అర్థమైంది.

"అమ్మా," అన్నాడు షరాబు. "ఆయన వచ్చాడు. అమ్మిన రోజు. షోకేసు ముందు గంటసేపు నిలబడ్డాడు. నేను గుర్తుపట్టలేదు."

పెద్దావిడ కళ్ళు తెరిచింది.

"లోపలికొచ్చాడా?"

"గుమ్మం దాకా. ఇది అమ్మకానికేనా అని అడిగాడు. అవునన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసా అన్నాడు." షరాబు కుర్చీ చెయ్యి వదిలాడు. "కొట్లో రోజుకి పదిమంది అడుగుతారమ్మా అలా. ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారేమో, దొంగసొత్తేమో అని. అందరికీ ఒకే మాట చెప్తాం. అలవాటు. నోటికొచ్చేస్తుంది."

"ఏం చెప్పావు?"

"మా అమ్మే అమ్మెయ్యమంది అని చెప్పాను."

ఆవిడ అరిస్తే బాగుండేది. చెంప మీద కొట్టినా ఆయనకి కాస్త తేలికయ్యేది. ఆవిడ బల్ల మీది గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. సొరుగు దగ్గర చప్పుడు లేదు, గోడలో చప్పుడు లేదు, ఇల్లంతా దేనికో చెవి ఒగ్గినట్టుంది.

"దానికి ఆయనేమన్నాడు?" అంది కోడలు, ఎవరో ఒకరు అడగాలి కాబట్టి.

"'మంచిది బాబూ' అన్నాడు. మెట్లు దిగిపోయాడు."

కళ్ళజోళ్ళ షాపాయన రెండడుగులు లోపలికి వేశాడు. గడియారం తీసి రెండు మూతలూ మూశాడు. పెద్దావిడ అరచేతిలో పెట్టాడు. "నాకు కీ అక్కర్లేదండి," అన్నాడు. "ఇది నేను కొనగూడని వస్తువు." ఇంకేమీ మాట్లాడకుండా నడవాలోంచి వెళ్ళిపోయాడు.

ఆవిడ మెడలోంచి దారం తీసింది. పై మూత తెరిచి, కన్నంలో తాళంచెవి పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఈసారి గాలి కాదు. ఒక్కొక్క చుట్టుకీ లోపల పళ్ళు పట్టుకుంటున్న చప్పుడు. కోడలు పెదాలు కదులుతున్నాయి. పదకొండు.

గడియారం నడిచింది.

సొరుగు లాగబోతుందనుకున్నారు ఇద్దరూ. లాగలేదు.

"తీసుకెళ్ళి షోకేసులో పెట్టు," అంది కొడుకుతో.

"అమ్మా?"

"వాడు ఎక్కడ చూశాడో అక్కడే పెట్టు. ధర చీటీ ఉందా?"

"ఉంది. గల్లా పెట్టెలో."

"దాని వెనకవైపు రాయి. ఉంగరం దొరికిందని రాయి. పెద్ద అక్షరాలతో."

ఆ రెండు ముక్కలు అద్దం వెనక పెడితే వీధి మొత్తం చదువుతుంది. ఏ ఉంగరమని ఒకరడుగుతారు. నలభై దాటినవాళ్ళకి అందరికీ గుర్తే. తండ్రి తన ప్రాణం పోయేదాకా కాపాడుకున్న మాట, కొట్టు మాట, తన చేత్తోనే తీసి వీధిలో పెట్టాలి. షరాబు తల తిప్పి కుర్చీ వైపు చూశాడు. కుర్చీ కుర్చీలాగే ఉంది.

"నాన్న..." అన్నాడు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రాయి."

మధ్యాహ్నానికి గడియారం షోకేసులో ఉంది. పక్కన చీటీ నిలబెట్టి ఉంది. పెద్దావిడ పని గదిలోంచి భర్త కుర్చీని కొట్లోకి మోయించుకుని, షోకేసు వెనక వేయించుకుని, వీధివైపు తిరిగి కూర్చుంది. కోడలు ఇంకోసారి చుక్కలు వేసి వెళ్ళింది.

అద్దానికి బయటివైపు, మనిషి ముఖమంత మేర మాత్రం శుభ్రంగా మెరుస్తోంది. మిగతా అద్దమంతా దుమ్ము. షరాబు గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళి అద్దం తుడవబోయాడు. లోపల్నుంచి ఆవిడ చెయ్యెత్తి వద్దంది. ఆయన గుడ్డ దించేశాడు.

ఎదురు కొట్టు టైలరు రోడ్డు దాటి వచ్చాడు. మెడలో టేపు వేసుకుని, చీటీ చదివి, గడియారం చూసి, మళ్ళీ చీటీ చదివాడు. ఆయనకి అరవై ఉంటాయి. ఆ రోజు వీధిలో నిలబడి చూసినవాళ్ళలో ఆయనా ఒకడు.

"ఏ ఉంగరమండీ షరాబుగారూ?" అన్నాడు.

అద్దం అవతల తల్లి చూస్తోంది. ఈ ప్రశ్నకి నోటికొచ్చేసే అలవాటు మాట ఏదీ షరాబు దగ్గర లేదు.

"మా మామయ్య తియ్యని ఉంగరం," అన్నాడు.